ఆ కణితి పేరు తెలిసేదాకా...

మా యారాలికి మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు ఇంట్లో ముగ్గురం ఆడవాళ్ళం ఉన్నాం. అత్తమ్మ తాళాలగుత్తి తెచ్చి ఆమె పిడికిట్లో పెట్టింది. పక్కింటావిడ ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పట్టింది. నేనేమో బడిలో పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని కదా, నాకన్నీ తెలుసన్న ధీమాతో పళ్ళ మధ్య చెంచా దూర్చబోయాను. ముగ్గురిలోకీ పెద్ద తప్పు నాదేనని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. నోట్లో ఏదీ పెట్టకూడదట. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తటిదేదైనా పెట్టి, గడియారం చూసుకుంటూ కూర్చోవాలట. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. తాళాలతో, ఉల్లిగడ్డతో పనే లేదు.

అది 2024 జనవరి. సంక్రాంతి దగ్గర పడింది. ఇంద్రేశంలో ఏ ఇంటి ముందు చూసినా తెల్లగుడ్డ పరిచి సకినాలు చుడుతున్నారు. ఆమె కూడా చుడుతూ చుడుతూనే కుడిచెయ్యి కొట్టుకుని పక్కకు ఒరిగిపోయింది. వయసు ముప్ఫై నాలుగు. ఇద్దరు పిల్లలు. తోడికోడలిని మా వైపు యారాలంటాం. వరసకు యారాలే గానీ పదకొండేళ్ళుగా ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం కాబట్టి నాకు చెల్లెలి కింద లెక్క.

ఆమె మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్లో కాంట్రాక్టు మీద పనిచేసేది. అంతకుముందు ఆర్నెల్లుగా పొద్దున లేవగానే తలనొప్పి అనేది. మాత్రల పట్టీలు చేతిలోంచి జారిపోతున్నాయని ఒకట్రెండు సార్లు చెప్పింది. ఊళ్ళో ఆరెంపీకి చూపిస్తే టెన్షన్ అన్నాడు. సూపర్వైజరేమో నైట్ డ్యూటీ చేసేవాళ్ళందరికీ తలనొప్పి ఉంటుందన్నాడు. "నాకేం గాలె అక్కా, నిద్ర తక్కువైంది గంతే" అని ఆమె కూడా తేల్చేసింది. మగవాడి తలనొప్పికి స్కానింగు, ఆడదాని తలనొప్పికి జండూబామ్ అన్నది మన ఇళ్ళలో రాయని రూలు. మీ ఇంట్లో కాదంటారా?

పొద్దున్నే ఎక్కువగా ఉండి రోజురోజుకూ పెరిగే తలనొప్పి, దానికి తోడు వాంతులు, ఒక చెయ్యో కాలో బలహీనపడటం, మాట తడబడటం, పెద్దవాళ్ళకు కొత్తగా ఫిట్స్ రావటం... వీటిలో ఏది కనపడినా బామ్ రాసుకుని కూర్చునే విషయం కాదు. తలనొప్పి వచ్చిన ప్రతివాళ్ళకూ కణితి ఉంటుందని భయపెట్టటం నా ఉద్దేశం కాదు. నూటికి తొంభైతొమ్మిది తలనొప్పులు మామూలువే. కానీ ముప్ఫై దాటాక మొదటిసారి ఫిట్స్ వస్తే మాత్రం ఎమ్మారై తీయించాల్సిందే.

'ఆరు నెలలు' అన్న మాట

ఎమ్మారైలో మెదడు ఎడమవైపు ముందుభాగంలో కణితి కనపడింది. ఇక్కడ ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. హైదరాబాదులో మెదడు ఆపరేషన్ దొరకటం కష్టం కాదు. మా ఊరి నుంచి ముప్ఫై, నలభై కిలోమీటర్ల లోపలే నిమ్స్, ఉస్మానియా, గాంధీ, ఎంఎన్‌జే, బసవతారకం ఉన్నాయి. కార్పొరేట్ ఆస్పత్రులకైతే లెక్కే లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరు 9న అయిదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు. ఆ కార్డు మీదే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆమెకు మార్చి నెలలో ఆపరేషన్ అయింది. సర్జన్ చెయ్యి మంచిది. మాట పోలేదు, చెయ్యి పోలేదు.

కష్టమంతా ఆపరేషన్ తర్వాతే మొదలైంది.

డిశ్చార్జి కాగితంలో 'హై గ్రేడ్ గ్లయోమా' అని రాశారు. అదేమిటని మా మరిది అడిగితే డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరు నిలబడే, "మెదడు క్యాన్సర్. ఆరు నెలలు, ఏడాది. చూసుకోండి" అని వెళ్ళిపోయాడు. ఆ ఒక్క మాట మా ఇంట్లో చేసిన పని ఇంతా అంతా కాదు. మా అత్తమ్మ చెడ్డమనిషి కాదు. కానీ ఆ రాత్రే, "ఉన్నన్నాళ్ళు తల్లి దగ్గర ఉండనీ, నారాయణఖేడ్ తోలిద్దాం. పైసలు పొల్లగాళ్ళకైనా మిగుల్తయి" అన్నది. మా మరిది తల వంచుకున్నాడు, కాదనలేదు. పక్కగదిలో యారాలు అన్నీ వింటోంది.

నారాయణఖేడ్ మా జిల్లాలోనే ఉంది. కానీ అక్కడి నుంచి రోజూ రేడియేషన్‌కి హైదరాబాదు వచ్చి పోవటం జరిగే పని కాదు. అంటే పుట్టింటికి పంపటమన్నది ప్రేమ మాటగా వినపడ్డా, చేతల్లో అది వైద్యం ఆపేయటమే.

మెదడు కణితుల్లో వందకు పైగా రకాలున్నాయి. 2022 అంచనాల ప్రకారం ప్రపంచం మొత్తం మీద మెదడు, నాడీవ్యవస్థ క్యాన్సర్లు కొత్తగా వచ్చినవాళ్ళు సుమారు 3 లక్షల 20 వేలమంది. అదే తక్కువ అనుకుంటే, వాళ్ళు మళ్ళీ వంద రకాలుగా విడిపోతారు. గ్లయోమా అన్నది ఇంటిపేరు లాంటిది. ఆ ఇంటిపేరుతో దుర్మార్గులూ ఉంటారు, కాస్త మాట వినేవాళ్ళూ ఉంటారు. గ్లయోబ్లాస్టోమా అనేది అందులో దుర్మార్గపుది. 2005లో వచ్చిన పేరున్న అధ్యయనంలో రేడియేషన్‌తోపాటు టెమోజోలోమైడ్ మాత్రలు వాడినవారిలో సగంమంది 14.6 నెలలే బతికారు. ఆ చిన్న డాక్టరు మనసులో ఉన్నది ఇదే కాబోలు. కానీ మా యారాలిది ఏ రకమో అప్పటికింకా ఎవరూ తేల్చలేదు!

మైనపు దిమ్మె కోసం

ఆపరేషన్‌లో తీసిన ముక్కను పారేయరు. మందునీళ్ళలో ఉంచి, తర్వాత మైనంలో పోతపోసి చిన్న దిమ్మెగా దాస్తారు. దాన్నే 'బ్లాకు' అంటారు. దాంట్లోంచి పల్చటి పొరలు కోసి గాజుపలకల మీద పెట్టి చూస్తారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మెదడు కణితుల వర్గీకరణను అయిదోసారి సవరించింది. దాని ప్రకారం సూక్ష్మదర్శినిలో చూసి పేరు పెడితే చాలదు, కణంలోని జన్యువుల మార్పులు కూడా చూడాలి. ఐడీహెచ్ అనే జన్యువు మారిందా, ఒకటో క్రోమోజోములో ఒక చేయి, పంతొమ్మిదో క్రోమోజోములో ఒక చేయి రెండూ ఊడిపోయాయా అని చూస్తారు. రెండూ 'అవును' అయితే దాని పేరు ఒలిగోడెండ్రోగ్లయోమా. అరుదైనది, నెమ్మదైనది, మందుకు లొంగేది.

ఈ సంగతి నాకెలా తెలిసిందంటారా? డల్లాస్‌లో ఉండే మా పెద్దన్న కొడుకు ఫోన్లో అడిగాడు, "అత్తా, పందొమ్మిది క్యూ టెస్టు చేశారా?" అని. ఆ ఒక్క ప్రశ్నే. ఫోన్ చేసేందుకు అమెరికాలో మేనల్లుడు లేనివాళ్ళ గతేమిటని ఇప్పటికీ నాకు అనిపిస్తుంది.

ఆస్పత్రికి వెళ్ళి అడిగితే ఆ పరీక్ష ప్యాకేజీలో లేదన్నారు. బ్లాకు ఇవ్వమంటే, "మీకెందుకమ్మా" అన్నారు. నాలుగుసార్లు తిరిగాను. నా బడి జీతంలో నాలుగు రోజులు పోయాయి. అయిదోసారి ఒక కాగితం రాసుకుని వెళ్ళాను. వైద్యుల నడవడి గురించి 2002లో వైద్య మండలి చేసిన నియమావళిలో, రోగి గానీ వాళ్ళ తరఫువాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో రెండో అభిప్రాయం తీసుకునే హక్కు కూడా ఉంది. ఈ రెండూ రాసి, కింద సంతకం పెట్టి, నకలు మీద స్టాంపు వేయమన్నాను. మర్నాడు బ్లాకు ఇచ్చారు. కోపంతో అరిచినప్పుడు ఇవ్వనివాళ్ళు కాగితానికి ఇచ్చారు. గుర్తుపెట్టుకోండి.

పరీక్షకు అయిన ఖర్చు యారాలి ఒక నెల జీతమంత. నా చెవికమ్మలు కుదువపెట్టాను, తర్వాత విడిపించుకున్నాను లెండి. పది రోజులకు రిపోర్టు వచ్చింది. రెండూ 'అవును'. గ్రేడ్ 3 ఒలిగోడెండ్రోగ్లయోమా.

ఈ పేరు ఎంత పని చేస్తుందో చెప్పాలి. అమెరికా, కెనడాల్లో 1994లో ఒక అధ్యయనం మొదలైంది. ఇలాంటి కణితి ఉన్నవాళ్ళలో కొందరికి రేడియేషన్ మాత్రమే, కొందరికి దాంతోపాటు పీసీవీ అనే మూడు పాతమందులు ఇచ్చారు. 2006లో లెక్క చూస్తే బతికిన కాలంలో రెండు జట్లకూ తేడా లేదన్నారు. కానీ రోగులను వదిలేయకుండా ఇంకా కొన్నేళ్ళు గమనించారు. 2013లో మళ్ళీ చూస్తే, ఆ రెండు క్రోమోజోముల చేతులూ ఊడినవారిలో రేడియేషన్ మాత్రమే తీసుకున్నవాళ్ళలో సగంమంది 7.3 ఏళ్ళు దాటి బతికారు. పీసీవీ కూడా తీసుకున్నవాళ్ళలో సగంమంది 14.7 ఏళ్ళు దాటారు. నెలలు కాదు, ఏళ్ళు!

ఆ కాగితం పట్టుకొచ్చి వంటింట్లో అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "పద్నాలుగేండ్లంటే చిన్నోని పెండ్లి గూడ జూస్తది గదా" అన్నది. నారాయణఖేడ్ మాట ఆ తర్వాత ఎత్తలేదు.

లెక్క ప్రకారం అది సగంమంది సంగతి. తను ఏ సగంలో ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అది ఆమెకూ తెలుసు.

కోత కోసిన డబ్బు ఎక్కడ?

ఆమె జీతంలోంచి నెలనెలా ఈఎస్ఐ కోసేవాళ్ళు. 2019 జూలై నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. జీతం 21 వేల లోపు ఉన్నవాళ్ళందరికీ ఇది వర్తిస్తుంది. ఆ గీత 2017 జనవరిలో గీసింది. (ఓవర్‌టైం కలిపితే గీత దాటుతున్నావని కొందరు కాంట్రాక్టర్లు భయపెడతారు. గీత లెక్కలో ఓవర్‌టైం కలపరు.)

ఈఎస్ఐ అంటే ఆస్పత్రి చీటీ అనే మేమంతా అనుకున్నాం. కాదు. దీర్ఘకాలపు జబ్బులు 34 రాసిన జాబితా ఒకటుంది. అందులో క్యాన్సర్ ఉంది. దానితోపాటు విడిగా 'పుర్రె లోపల చోటు ఆక్రమించే గడ్డ' అని కూడా ఉంది. అంటే క్యాన్సర్ కాని మెదడు కణితికి కూడా వర్తిస్తుందన్నమాట. మామూలు జబ్బు సెలవుకు ఏడాదిలో 91 రోజులు 70 శాతం జీతం వస్తుంది. ఆ జాబితాలోని జబ్బయితే ఆ తర్వాత కూడా 80 శాతం చొప్పున, గరిష్ఠంగా రెండేళ్ళ దాకా ఇస్తారు. రెండేళ్ళు ఎడతెగకుండా ఉద్యోగంలో ఉండాలి, అంతకుముందు నాలుగు చందా కాలాల్లో కనీసం 156 రోజులు చందా కట్టి ఉండాలి.

ఆమె పనిచేసింది నాలుగేళ్ళు. అదే గేటు, అదే బెల్టు, అవే మాత్రలు. కానీ నాలుగేళ్ళలో కాంట్రాక్టరు మూడుసార్లు మారాడు. మారినప్పుడల్లా పాత ఈఎస్ఐ నంబరు అడక్కుండా కొత్త నంబరు తెరిచారు. కాగితం మీద చూస్తే ఆమె ముగ్గురు వేర్వేరు మనుషులు, ఒక్కరికీ రెండేళ్ళు నిండలేదు!

పటాన్‌చెరు, పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం పరిశ్రమల్లో ఇలా కాంట్రాక్టు మీద పనిచేసే ఆడవాళ్ళు ఎంతమంది! 2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి పదుల సంఖ్యలో కార్మికులు పోయినప్పుడు దేశమంతా ఇటు చూసింది. అది చూడాల్సిందే. కానీ ఒక్కొక్కరుగా, నెమ్మదిగా మంచానపడేవాళ్ళ వైపు ఏ కెమెరా తిరగదు. వాళ్ళకు దిక్కు ఆ పది అంకెల నంబరే. కొత్త కాంట్రాక్టరు దగ్గర చేరేటప్పుడు పాత నంబరు చూపించి 'ఇదే కొనసాగించండి' అని పట్టుబట్టండి. పేస్లిప్పులు పారేయకండి. మేము మూడేళ్ళ పేస్లిప్పులు పిల్లల పాత నోటుబుక్కుల మధ్య నుంచి ఏరి తీసి, ఆధార్ కార్డుతో కలిపి ఇస్తే, ముగ్గురూ ఒక్క మనిషే అని ఒప్పుకోవటానికి ఏడు నెలలు పట్టింది. డబ్బు వచ్చింది, ఆలస్యంగా. పిల్లల ఫీజులకు పనికొచ్చింది.

218 బస్సు

రేడియేషన్ ఎంఎన్‌జేలో. వారానికి అయిదు రోజులు, ఆరు వారాలకు పైనే. ముఖానికి అచ్చుగా జాలీ తొడుగు చేసి, దాన్ని బల్లకు బిగిస్తారు, తల కదలకుండా. చూడటానికి భయంగానే ఉంటుంది గానీ, బల్ల మీద ఉండేది కాసేపే, నొప్పి కూడా ఉండదు. నొప్పంతా ప్రయాణమే. మే, జూన్ ఎండలు. ఇంద్రేశం నుంచి షేర్ ఆటోలో పటాన్‌చెరు, అక్కడి నుంచి 218 బస్సులో లక్డీకాపూల్, దిగి రెడ్‌హిల్స్ దాకా నడక.

ఇద్దరం ఆడవాళ్ళం కాబట్టి బస్సుకు పైసా కాలేదు. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి ఉచిత ప్రయాణం గురించి ఎవరేమన్నా, నేను మాత్రం చెడ్డగా మాట్లాడను. కిరాయి బండి మాట్లాడుకోవాల్సి వస్తే పదో రోజునే ఆపేసేవాళ్ళం. సీటు దొరకటం వేరే సంగతి. ఆమె గుండు మీద చున్నీ కప్పుకుని, ఊగుతూ నిలబడితే, "తిరుపతి పోయొచ్చినవా బిడ్డా" అని అడిగేవాళ్ళు. "ఆఁ, మొక్కు" అనేది ఆమె.

2023లో ఒక మందుల కంపెనీ ఫౌండేషన్ ఎంఎన్‌జేకి కొత్త బ్లాకు కట్టించి ఇచ్చింది. రోజూ దాని ముందు నుంచి పోతుంటే ఆమె నవ్వేది, "మందులకాడ పుట్టి మందులకాడికే వస్తున్న" అని.

ఆ తర్వాత పీసీవీ. మూడు మందుల్లో ఒకటి ఇంజెక్షన్, రెండు గొట్టాల మాత్రలు. ఎప్పటినుంచో ఉన్న మందులు. అయినా వాటి కోసం మూడు పెద్ద మందుల దుకాణాలు తిరిగాను. ఎక్కువగా అమ్ముడుపోని సరుకు ఎవరు తెచ్చి పెడతారు? చివరకు ఆస్పత్రిలోని సోషల్ వర్కరు దారి చూపింది. పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో ఈ పనికే మనుషులుంటారు. ముందే అడగండి, మేము అడగలేదు. టెమోజోలోమైడ్ లాంటివి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటికి ఇంత తిరుగుడు లేదు.

జాగ్రత్తలు కొన్ని ఇంటిమనుషులకు తప్పనిసరిగా తెలియాలి. ఆ మూడింటిలో లోమస్టిన్ అన్నది ఒక విడతకు ఒక్కసారే వేసుకునేది. రోజూ వేసుకునే మాత్ర అనుకుని మర్నాడు కూడా వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. రెండోది వాడే రోజుల్లో కల్లు, సారా ముట్టరాదు. మా వైపు బోనాలకు కల్లు సాక పోయని ఇల్లుండదు కదా, ఆ ఏడాది ఆమె గ్లాసు నేనే తీసి అవతల పెట్టాను. మెదడు వాపుకిచ్చే డెక్సామెథసోన్‌ను డాక్టరు చెప్పకుండా ఠక్కున ఆపకూడదు. అది వాడినన్నాళ్ళూ షుగరు పెరుగుతుంది, ఆకలి పెరుగుతుంది, నిద్ర పోతుంది, కోపం వస్తుంది. "మనిషి మారిపోయింది" అని మేమంతా చాటుగా ఏడ్చుకున్నాం. మనిషి కాదు, మాత్ర.

అమెరికాలో 2024 ఆగస్టులో వోరాసిడెనిబ్ అనే కొత్త మాత్రకు అనుమతి వచ్చింది. ఐడీహెచ్ మార్పున్న గ్రేడ్ 2 కణితులకు, ఆపరేషన్ తర్వాత వాడేందుకు. మేనల్లుడు ఆ వార్త పంపితే ఆశపడ్డాం. ఈమెది గ్రేడ్ 3 కాబట్టి ఆ అనుమతి ఈమెకు వర్తించదని డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. అయినా మరో ఇంట్లో ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నీళ్ళ వల్లేనా?

మా ఊళ్ళో ఈ మాట అడగనివాళ్ళు లేరు. అడగటంలో తప్పు లేదు. నక్కవాగు కథ ఈ ప్రాంతంలో పుట్టిన ప్రతివాళ్ళకూ తెలుసు. ఇక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్ళను పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది.

కానీ మెదడు కణితికి ఇదే కారణమని చెప్పటానికి నా దగ్గర ఆధారం లేదు, డాక్టర్ల దగ్గరా లేదు. ఇప్పటికి గట్టిగా రుజువైన కారణాలు రెండే. చిన్నప్పుడో పెద్దయ్యాకో తలకు తీసుకున్న రేడియేషన్, కొన్ని వంశపారంపర్య జబ్బులు. మిగతావాళ్ళలో ఎందుకొస్తుందో తెలియదు. తెలియనిదాన్ని తెలుసనటం ఈమెకేమీ మేలు చేయదు. అయితే నా ఫిర్యాదు వేరే. 2025లో మా ఊరిని మున్సిపాలిటీ చేశారు. ఆస్తిపన్నుకు ఇంటింటి లెక్క ఉంటుంది. ఏ ఇంట్లో ఏ క్యాన్సర్ వచ్చిందో, ఆ మనిషి ఎక్కడ ఎన్నేళ్ళు పనిచేసిందో ఆ లెక్క కూడా పనిలో పనిగా ఎందుకు రాసుకోరు? లెక్కే లేకపోతే, నీళ్ళ వల్లేనని గానీ కాదని గానీ ఎవరు చెప్పగలరు?

ఏ గూట్లోనూ ఇమడదు

ఆశా కార్యకర్త మా ఇంటికి వస్తుంది. బీపీ, షుగరు, టీబీ, గర్భిణులు. క్యాన్సర్లలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ఈ మూడింటికే పరీక్షలు. ఆమె పుస్తకంలో మా యారాలికి గడి లేదు.

అరుదైన జబ్బుల విధానం ఉంది కదా అంటారు. 2021లో వచ్చింది. సాయం 50 లక్షల దాకా పెంచారు. మన హైదరాబాదులో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒక కేంద్రం. కానీ ఆ జాబితాలో ఉన్నవి ఎక్కువగా పుట్టుకతో వచ్చే జన్యుపరమైన జబ్బులు, మెదడు కణితులు కావు. ఏడాదికి లక్షమందిలో ఆరుగురికంటే తక్కువమందికి వస్తే ఐరోపాలో అరుదైన క్యాన్సర్ అంటారు. ఆ లెక్కన ఈమెది ముమ్మాటికీ అరుదే. మనదగ్గర మాత్రం క్యాన్సర్ పథకం దగ్గరికి వెళితే 'అరుదు' అంటారు, అరుదైన జబ్బుల దగ్గరికి వెళితే 'క్యాన్సర్' అంటారు.

నాకు తోచింది చెబుతాను. కొత్త పథకం అక్కర్లేదు. ఆ జన్యు పరీక్షను ఆపరేషన్ ప్యాకేజీలోనే కలపాలి. ఆపరేషన్‌కు లక్షలు ఇచ్చి, ఆ తీసిన ముక్క పేరేమిటో కనుక్కునే పరీక్షకు పైసా ఇవ్వకపోవటం ఏం తెలివి? 2025 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్ళలో ప్రతి జిల్లా ఆస్పత్రిలో డే కేర్ క్యాన్సర్ సెంటర్ పెడతామన్నారు. సంగారెడ్డిలో అది పూర్తిగా నడిస్తే, ఒక్క ఇంజెక్షన్ కోసం రోజంతా పోగొట్టుకునే బాధ మాలాంటివాళ్ళకు తప్పుతుంది.

ఉన్నవాటిలో పనికొచ్చేవి కూడా చెప్పాలి. ముంబయి టాటా మెమోరియల్‌కు వెళ్ళాల్సి వస్తే, చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో రైలు టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకు 75 శాతం తగ్గింపు. చెయ్యికాళ్ళ బలహీనత, చూపు పోవటం మిగిలిపోతే 40 శాతం పైన వైకల్య ధ్రువపత్రం అడగొచ్చు. 2023లో తెలంగాణలో వికలాంగుల పింఛను 4,016 రూపాయలు చేశారు. ముంబయిలో బ్రెయిన్ ట్యూమర్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా రోగులకు, ఇంటివాళ్ళకు తోడుగా పనిచేస్తుంది. ఎంఎన్‌జేలోని పాలియేటివ్ విభాగం, నగరంలోని స్పర్శ్ హాస్పిస్ లాంటివి ఆఖరి రోజులకే అనుకోకండి. నొప్పి, వాంతులు, దిగులు ఎప్పుడున్నా అక్కడ అడగొచ్చు.

ఇల్లు

2009లో అమెరికాలో 515 మంది రోగుల మీద చేసిన అధ్యయనం ఒకటి చదివాను. మెదడు కణితి, ఇతర క్యాన్సర్లు, ఒక నరాల జబ్బు ఉన్నవాళ్ళు. జబ్బుపడింది భర్త అయితే నూటికి ముగ్గురు విడిపోయారు. జబ్బుపడింది భార్య అయితే నూటికి ఇరవైమందికి పైగా. మనదగ్గర విడాకులు అనరు. 'తల్లిగారింటికి పంపాం' అంటారు.

మా మరిదిని ఆ లెక్కలో వేయను. మొదట తల వంచుకున్నాడు గానీ తర్వాత తేరుకున్నాడు. కాకపోతే అతనికి తెలిసిన సాయం డబ్బు తేవటం. మాత్రల వేళ, పిల్లల టిఫిను, స్నానాల గదికి గడియ పెట్టకుండా బయట నిలబడటం, పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకపోవటం... ఇవన్నీ నా వంతుకే వచ్చాయి. ఒక రోజు బడిలో తరగతి మధ్యలో నిద్రపోయాను. ఇంటికొచ్చి పలక మీద రాసి గోడకు తగిలించాను. సోమ, గురువారాలు అతను సెలవు పెట్టి ఆస్పత్రికి, రాత్రి మాత్రలు అత్తమ్మ చూడాలి, ఆదివారం నేను ఎవరికీ దొరకను. అత్తమ్మ రెండు రోజులు ముఖం ముడుచుకుంది. మూడో రోజు నుంచి మాత్రల డబ్బా ఆమె దగ్గరే ఉంది. చదువురాని మనిషి, రంగులు గుర్తుపెట్టుకుని ఒక్కపూట తప్పకుండా ఇచ్చింది.

పీసీవీ ఆరు విడతలు అనుకున్నది రక్తకణాలు పడిపోవటంతో నాలుగింటికే ఆపారు. అలా మధ్యలో ఆపటం చాలామందికి జరిగేదేనట. కంపెనీలో ఆమెను మళ్ళీ తీసుకోలేదు. బెల్టు దగ్గర ఫిట్స్ వస్తే ఎవరు బాధ్యులన్నారు. ఇప్పుడు ఇంట్లోనే మిషన్ కుడుతోంది, కరెంటు మోటారు తీసేసి కాలితో తొక్కేది. ఫిట్స్ మాత్ర మాత్రం ఆపలేదు.

మొన్న ఇస్నాపూర్ నుంచి ఒకావిడ వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ళ తమ్ముడికి తలలో గడ్డ అట, ఆపరేషన్ అయిందట. "ఏ గడ్డో చెప్పిండ్రా?" అని యారాలే అడిగింది. ఆమెకు తెలియదు. యారాలు మిషన్ మీద నుంచి లేచి, బీరువాలోంచి మా ఫైలు తీసి, నేను ఆస్పత్రికిచ్చిన కాగితం నకలు, స్టాంపు ఉన్నది, ఆమె చేతిలో పెట్టింది. "గిట్లనే రాయుండ్రి. పేరు మార్చుకుంటే సాలు" అన్నది.

మాకు వచ్చే నెల మళ్ళీ ఎమ్మారై ఉంది. ఈసారి నాకు బడిలో పరీక్షలు, అత్తమ్మ తోడు వెళ్తానంటోంది.